పుట్టు వెంట్రుకల మూట

ముసలి ఫెర్మినా చేసిన తప్పల్లా ఒక్కటే. గుమ్మం తొక్కినవాణ్ణి సూప్ తాగకుండా పంపదు. వచ్చినవాడు చర్చి తరఫున వచ్చానన్నాడు, సుబ్బరంగా రెండు గిన్నెలు లాగించాడు. మరియమాత పటం కింద ఉన్న చిన్న గుడ్డమూట చూసి, "ఇదేంటి పెద్దమ్మా?" అన్నాడు.

"మా మనవడి పుట్టు వెంట్రుకలు నాయనా."

ఊరంతటికీ తెలిసినంతలో ఆవిడకు మనవలే లేరు. ఉన్నది పెళ్ళికాని కూతురు నెలిదా, ఇరవై ఏళ్ళ కొడుకు బెర్తో. ఆ నెలిదా పెరూ దేశానికి మంత్రి. సూప్ తాగినవాడు రెనాన్ అనే టీవీ విలేకరి, చొక్కా గుండీలో కెమెరా. ఛీ, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వాడు నెలిదాకు ఫోన్ చేశాడు.

"ఎనిమిదింటికి ప్రోగ్రాంలో వేస్తున్నాం మేడమ్. మీ తమ్ముడు నిజానికి మీ కొడుకట. ఏమంటారు?"

నెలిదాకు ముందు బెర్తోయే గుర్తొచ్చాడు. పదవి పోతే పోనీ. పిల్లాడో?

"నీకు దణ్ణం పెడతానయ్యా, ఒక్క రోజు ఆగు. వాడికింకా తెలీదు."

"తెలీదా!" అన్నాడు రెనాన్, లంకెబిందెలు దొరికినట్టు. ఫోన్ పెట్టేశాడు.

తన నోటితో తానే గుట్టంతా ఇచ్చేసింది. టీవీవాళ్ళకిప్పుడు కావలసింది ఆ మాట వినగానే మారే బెర్తో మొహం. ఆదివారం వాడెక్కడుంటాడో లీమాలో ఎవరినడిగినా చెబుతారు, మంత్రి తమ్ముడి ఫుట్‌బాల్ ఆట గురించి పేపర్లోనే వేశారు. నెలిదా బెర్తోకు ఫోన్ చేస్తూనే ఉంది, అది మోగుతూనే ఉంది. ఆటలో ఉన్నవాడు ఎలా ఎత్తుతాడు?

గార్డులను వదిలేసి టాక్సీ ఎక్కింది. దారంతా ట్రాఫిక్, అందులోంచే అమ్మకు ఫోన్ చేస్తే సూప్ సంగతంతా బయటపడింది. కొండకింద ఇసుక మైదానం చేరేసరికి టీవీ వ్యాను ముందే వచ్చి ఉంది. బంతి గీత దాటింది, దాన్ని తీసుకోవడానికి బెర్తో నేరుగా రెనాన్ వైపే నడుస్తున్నాడు.

చెప్పులు విసిరేసి పరుగెత్తింది. "బెర్తో! అటెళ్ళకురా!"

అక్క అరుపు విని వాడు ఆగిపోయాడు. మైకు పట్టుకుని పరుగున వస్తున్న రెనాన్‌ను టీము కెప్టెన్ పౌలీనో చూశాడు. మెకానిక్కు, ఎక్కువ అడగడు.

"గోడ కట్టండ్రా!"

ఫ్రీకిక్కుకు నిలబడ్డట్టే భుజం భుజం ఆనించి నిలబడ్డారు అందరూ. రెనాన్ ఇటొస్తే ఇటు, అటెళ్తే అటు జరిగారు. వాడు నోరు తెరిస్తే చాలు, గోలుగోలుమని అరిచారు.

గోడ వెనక నెలిదా గబగబా చెప్పింది. "నిన్ను కన్నది నేనేరా. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. నాన్న నిన్ను తన కొడుకుగా రాయించాడు. పాపం, అమ్మ ఆ టీవీవాడికి సూప్ పోసి అంతా చెప్పేసింది. అమ్మనేమీ అనకు."

బెర్తో కాలితో ఇసుకను తన్నాడు.

"వీడు రాకపోతే చెప్పేదానివేనా, అక్కా?"

పార్లమెంటులో ఏ ప్రశ్నకూ తడుముకోని మనిషి తల దించుకుంది. రెనాన్ రాకపోతే చెప్పేది కాదు, అదీ నిజం. దాని ముందు ఈ కెమెరా ఏపాటి? సిగ్గుతో ఏడుపొచ్చింది ఆవిడకు.

బెర్తో మొహం తుడుచుకుని గోడలోంచి బయటికొచ్చాడు. మైకు ముందుకొచ్చింది. "బెర్తో! మీ అక్కే మీ అమ్మని తెలుసా?"

"తెలీకేం?" నవ్వాడు బెర్తో. "చిన్నప్పట్నుంచీ తెలుసు. దీనికా ఇంత దూరం ఎండనపడొచ్చావ్? మా ముసల్ది పోసిన సూప్ అరిగిందా లేదా?"

గోడ గొల్లుమంది. రెనాన్ మొహం మాడింది. బెర్తో బంతి తీసుకుని, నెలిదా వైపు చూడకుండానే ఆటలోకి వెళ్ళిపోయాడు.

ఆవిడ ఇసుకలో ఉత్తికాళ్ళతో నిలబడిపోయింది. అంత నిబ్బరంగా అబద్ధమాడటం వాడికి ఎవరి రక్తంలోంచి వచ్చిందో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.