తలుపు బయటి కుర్చీ

గయెతాన్ చీటీని నాలుగు మడతలు పెట్టి అంచుల్ని గోటితో నొక్కాడు. కెనడా రాజధాని ఒట్టావాలోని ఈ నడవాలో కూర్చోవడమే ఇరవై ఆరేళ్లుగా అతని ఉద్యోగం. తలుపు లోపల కేంద్రం వాళ్లు పరదేశం వాళ్లతో వాణిజ్య ఒప్పందం మాట్లాడతారు. ఫ్రెంచి మాట్లాడే క్వెబెక్ రాష్ట్రం తరఫున అతనూ, మిగతా రాష్ట్రాల వాళ్లూ బయట కాచుకుంటారు. చెప్పాల్సిందేదైనా ఉంటే చీటీ రాసి లోపలికి పంపాలి. సంతకాలయ్యాక అమలు చేయాల్సింది మాత్రం రాష్ట్రాలే.

గయెతాన్ పొట్టి మనిషి. ఎడమ మోకాలు వంగదు. సస్కాచువాన్ రాష్ట్రం నుంచి గోధుమల పని మీద వచ్చే డోరీన్ రోజూ, నడవాను వెచ్చబెట్టే వేడిగొట్టం పక్క కుర్చీని అతని కోసం అట్టేపెట్టి, తన దిండు వేసి ఉంచేది. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇవాళ చీజ్ వంతు. అతని ఊళ్లో పచ్చిపాలతో చీజ్ చేసే ఇళ్లు పదకొండు. అందులో ఒకటి చెల్లెలిది. బయటి దేశం సరుకు పోటీకి రాకుండా పచ్చిపాల చీజ్‌ను మినహాయిస్తూ ఒప్పందంలో ఒక్క వాక్యం పడితే ఆ ఇళ్లలో గంగాళాలు బోర్లించనక్కర్లేదు. ఎప్పుడూ, లోపలివాళ్లకు సులువని ఇంగ్లీషులోనే రాసేవాడు. ఈ చీటీ దగ్గర మాత్రం కలం తనంతట తానే ఫ్రెంచిలో నడిచింది. పదింటికి లోపలికి పంపాడు.

నాలుగింటికి కేంద్రం కుర్రాఫీసరు బయటికొచ్చాడు. చీజ్ మీద చర్చ అయిపోయిందనీ, మినహాయింపులేవీ లేవనీ చెప్పాడు.

"నా చీటీ?"

"ఫ్రెంచిలో ఉంది కదండీ. అనువాదానికి పంపాం. రేపటికి వచ్చేస్తుంది."

"లోపల ఫ్రెంచి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరా?"

"నలుగురున్నారండీ. కానీ పద్ధతంటూ ఒకటుంది కదా."

గయెతాన్ మెడ నరాలు ఉబ్బాయి. డోరీన్ లేచి, మూసుకుంటున్న తలుపుకు తన బూటు అడ్డం పెట్టింది.

"అరవండి గయెతాన్. ఇన్నేళ్లకి ఒక్కసారి. వాళ్లకి వినబడనీయండి."

అతను అరవలేదు. కుర్రాడి చేతిలో తన ఫోను పెట్టాడు.

"ఇది మా చెల్లెలి నంబరు. ఆ పద్ధతేంటో నువ్వే చెప్పు బాబూ. ఫ్రెంచిలో చెప్పాలి మరి."

కుర్రాడు నంబరు నొక్కకుండా ఫోను తిరిగి చాచాడు. గయెతాన్ ఫోను వెనక్కి తీసుకుని, మెడలోని గుర్తింపు కార్డు తీసి అతని చేతిలో పెట్టాడు. వంగని కాలు ఈడ్చుకుంటూ మంచులోకి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మర్నాడు తొమ్మిదింటికి డోరీన్ వచ్చేసరికి, వేడిగొట్టం పక్క కుర్చీలో నిన్నటి దిండు మీద గయెతాన్ చీటీకి ఇంగ్లీషు అనువాదం ఉంది. ఒక్క తప్పూ లేదు. మూడు ప్రతులు.