పద్నాలుగో కాన్పు

"నీకేమైతదే? ఏమన్న అయితే తాజ్‌మహల్ కట్టిస్త తియ్" అన్నాడు శేఖర్ నవ్వుతూ. నేను పప్పులో పోపు వేస్తున్నాను. మా అత్తమ్మ ఈరమ్మ కూడా నవ్వింది. ముందుగదిలో మా పెద్దది వెన్నెల థర్మాకోల్ మినార్లకు గమ్ పూస్తోంది. సకల జనుల సమ్మెకు బడి మూశారు గానీ ప్రాజెక్టు మూయలేదు, అది నా నెత్తిన పడింది. ఆ ప్రాజెక్టు తాజ్‌మహలే కాబట్టి ఆయనకు హాస్యం చేతికందింది.

నాకు నవ్వు రాలేదు. నాకు రెండో నెల దాటింది. చిన్నదాని కాన్పులో నెత్తురు ఆగక, సీసాల మీద సీసాలు ఎక్కించి, చావు నోట్లోంచి లాగారు నన్ను. "ఇంకో కాన్పుకి ఈమె తట్టుకోదు" అని డాక్టరమ్మ నా మంచం పక్కనే శేఖర్‌కు చెప్పింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తానంటే, "ఒంట్ల బలమొచ్చినంక చూద్దాం మేడమ్" అన్నాడు. మూడేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు అత్తమ్మేమో "ఈసారి పిలగాడే బిడ్డా" అంటుంది. "డాక్టర్లు గట్లనే బెదిరిస్తరు. మా అమ్మ ఆరుగురిని కన్నది, ఏమైంది?" అంటాడు ఈయన. ఆ ఆరుగురిలో ఇద్దరు మట్టిలో ఉన్నారు. ఆ మాటకు మాత్రం అత్తమ్మ నవ్వలేదు.

ఆఫీసులో ఇంకా చెప్పలేదు. చిన్నది పుట్టాక తిరిగి డ్యూటీలో చేరిన రోజే మా మేనేజర్ సోమేశ్వరరావు, "మూణ్ణెల్లు ఇంట్లో హాయిగా రెస్ట్ తీసుకున్నారు కదండీ, ఈ ఏడు రేటింగ్ అడక్కండి" అన్నాడు. రెస్టట! పాలకు ఏడ్చే పిల్లను, మానని కుట్లను, అన్నం వేళకు వచ్చే చుట్టాలను చూసుకోవడం రెస్టు.

అన్నాలయ్యాక శేఖర్ సోఫాలో వాలి బిడ్డకు చరిత్ర చెప్పాడు. ఇరవై వేల మంది పనిచేశారు, ఇరవై ఏళ్లు పైనే పట్టింది, రాజుకు రాణంటే అంత ప్రేమ అన్నాడు. "ఆమె ఎట్ల చచ్చిపోయింది డాడీ?" అని వెన్నెల అడిగింది. "జ్వరమొచ్చి అనుకుంట" అన్నాడు.

గిన్నెలు కడిగి వచ్చి లాప్‌టాప్ తెరిచాను. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో ఆ రాణికి పద్నాలుగు కాన్పులు. పుట్టినవాళ్లలో సగం మంది దక్కలేదు. మన దక్కన్ మీదికి దండెత్తి వస్తూ నిండు చూలాలిని కూడా వెంట తెచ్చాడు ఆ మహారాజు. బుర్హాన్‌పూర్‌లో ఆడపిల్లను కని ప్రాణం విడిచింది. అక్కడే తోటలో పాతిపెట్టి, కొన్ని నెలలకు తవ్వి ఆగ్రాకు మోయించాడు. చచ్చాక కూడా ఆయన వెంట తిరగడం తప్పలేదు ఆ తల్లికి. ఇక చాలని మంత్రసానులు ఒక్కసారైనా చెప్పి ఉండరా? చెప్పే ఉంటారు. చూద్దాం అని ఉంటాడు. ప్రేమ లేదని నేననను. ఉంది, మనిషి ప్రాణం తీసేంత ఉంది. ఆగడం తెలిసిన ప్రేమైతే అంత పాలరాయితో పనేముంది?

వెన్నెల చార్టు మీద "పద్నాలుగో కాన్పులో చనిపోయింది" అని రాయించాను. శేఖర్ వంగి చూశాడు. "గవన్నీ చిన్నపిల్లకెందుకే? కొట్టెయ్ బిడ్డా" అన్నాడు. అది నా మొహం చూసింది, వాళ్ల నాన్న మొహం చూసింది, కొట్టేసింది.

తెల్లవారి మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగుల బతుకమ్మ. సంఘంలో శేఖర్‌దే ముందు పీట. నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే ఫోన్లో ఎవరితోనో గొంతు చించుకుంటున్నాడు. "ఎవల బతుకు మీద వాళ్లకే హక్కుండాలె అన్నా! మన మీద పెత్తనం చేసెటందుకు వాళ్లెవరు?" ఉద్యమం మీద నాకు కోపం లేదు. జనగామ పిల్లను, తెలంగాణ కోసం నేనూ రోడ్డు మీద ఆడాను, పాడాను. కానీ ఆ మాట ఈ నోట వింటుంటే నా చెయ్యి ఆగిపోయింది, చొక్కా కాస్త మాడింది. "జర చూసుకోవాలె గదా" అని ఇంకోటి తొడుక్కున్నాడు. "పట్టుచీర కట్టుకొని బతుకమ్మ పట్టుకొని రా, పేపరోళ్లొస్తున్నరు" అని చెప్పి బండెక్కాడు.

తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మను అత్తమ్మ చేతిలో పెట్టాను. "పిల్లల్ని తీస్కొని పక్కింటోళ్ల కారుల పో అత్తమ్మా, నాకు పనుంది" అన్నాను. సమ్మెకు ఆటోలు లేవు. మా నల్లగండ్ల నుంచి లింగంపల్లి దవాఖాన దాకా నడిచాను.

"మీవారు రాలేదా?" అంది డాక్టరమ్మ. "రాలే మేడమ్. ఈ కడుపు తీసెయ్యండి. మళ్ల రాకుండ ఆపరేషన్ కూడ చెయ్యండి" అన్నాను. ఆమె కాగితాలు నా ముందు పెట్టి, "మీరొక్కరు ఒప్పుకుంటే చాలు" అంది.

మంచమెక్కాక ఫోన్ మోగింది. వెనక డప్పులు, జై తెలంగాణ కేకలు. "ఏడున్నవే? అందరు నిన్నే అడుగుతున్నరు."

"దవాఖానల ఉన్న. కడుపు తీసేయించుకుంటున్న."

డప్పుల చప్పుడు దూరమైంది, పక్కకు జరిగినట్టున్నాడు. తర్వాత, "నాకొక్క మాట చెప్పకుండ ఎట్ల పోయినవ్?" అన్నాడు.

నర్సు సూది పట్టుకుని నా పక్కన నిలబడింది.

"చెప్తే చస్తనని" అన్నాను.