చెక్కనేల కంపు

పడకగది కంపుకు కుక్కే కారణం. పెద్దాయన దృష్టిలో అది తేలిపోయిన సంగతి, విచారణ అక్కర్లేదు. భార్య పోతూ పోతూ తన నెత్తిన రుద్ది వెళ్ళిన కుక్క అది. రేపు సాయంత్రం రొట్టెల కొట్టువాడు వచ్చి తోలుకుపోతాడు. పీడా విరగడవుతుంది.

కడిగి కడిగి ఆయన నడుం పడిపోయింది. రోజూ పొద్దున్నే బకెట్టుతో నీళ్ళు గుమ్మరించి, ఫినాయిలు పోసి, చీపురుతో రుద్దేవాడు. కాసేపు బాగానే ఉండేది. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ చెక్కల మీద పడేసరికి కంపు లేచి కూర్చునేది.

కబురు తెలిసి బావమరిది సంచీ భుజాన వేసుకుని దిగాడు. చెక్కనేలలకు పాలిష్ పట్టడం అతని పని.

"మా అక్క పెంచిన కుక్కని రొట్టెలవాడికి ఇచ్చేస్తావా బావా?"

"ఇస్తాను. నిన్ను కూడా తీసుకుపొమ్మంటాను."

"రేపు సాయంత్రంలోగా వాసన పోగొడితే?"

"పోతే ఉంచుకుంటాను. పోదు."

"మాట మీదుండాలి మరి."

"మాట తప్పడానికి నేను మీ ఇంటివాణ్ణా?"

బావమరిది కిటికీలు మూసేశాడు. నేల మీద బోర్లా పడుకుని, ప్రతి చెక్కకూ ముక్కు ఆనించి వాసన చూస్తూ పాకాడు. కంపు తగిలిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశాడు. అది అతని పద్ధతి. కుక్క వచ్చి పక్కన కూర్చుని, వీధిలోకి కొత్త కుక్క వచ్చినట్టు అతన్నే చూసింది.

"ఇన్నాళ్ళకు నీకు తగిన పని దొరికింది," అన్నాడు పెద్దాయన.

"నీళ్ళెవరు పోయమన్నారు నిన్ను? కంపునంతా సందుల్లోకి దింపి ఊరబెట్టావు."

కుక్క పడుకునే మూల ఒక్క గీతా పడలేదు. గీతలన్నీ మంచం వైపే నడిచాయి. బావమరిది తల మంచం కిందికి దూరింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, నవ్వు ఆపుకోలేక మూతి బిగించాడు.

"బావా, కుక్క ఈ మంచం కింద దూరగలదా?"

కుక్క దూడంత ఉంది. మంచం జానెడెత్తు.

"అక్కడ మరక చక్కగా గుండ్రంగా ఉంది. కుక్కలు కంపాసు పెట్టి పోయవు కదా."

అతని చేతిలో రేకు డబ్బా ఉంది. చలికి రాత్రిళ్ళు ఒంటేలుకు లేవలేక, పెద్దాయన మంచం కింద పెట్టుకుంటున్న డబ్బా. బావమరిది దాన్ని వెలుతురుకు ఎత్తాడు. తుప్పుపట్టిన అడుగులోంచి సూదిమొనంత వెలుగు కనిపించింది.

పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. "పని చూడు," అన్నాడు.

బావమరిది పని చూశాడు. మరక మీద పెరాక్సైడ్‌తో తడిపిన గుడ్డ పరిచాడు. అది మరకను పీల్చుకున్నాక వంటసోడా చల్లి ఊడ్చి, ఉప్పు కాగితంతో పైపొర గీకి, రాత్రంతా ఫ్యానుగాలికి వదిలేశాడు. మర్నాడు ఎండ పడే వేళకు ఇద్దరూ వంగి ముక్కులు ఆనించారు. చెక్క వాసన తప్ప ఏమీ లేదు. అప్పుడు వార్నీష్ పూశాడు.

సాయంత్రం రొట్టెలవాడు గొలుసుతో వచ్చాడు. పెద్దాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కుక్కనివ్వను."

"కంపు కొడుతోందన్నారు కదండీ?"

లోపల బావమరిది గొంతు సవరించుకున్నాడు. పెద్దాయన వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాడు.

"నేలలో లోపం. బాగుచేయించాం," అని తలుపు వేశాడు. తర్వాత బావమరిదితో అన్నాడు: "భోంచేసి వెళ్ళు. ఈ సంగతి ఎత్తావంటే మాత్రం ఈ ఇంట్లో నీకు మంచినీళ్ళు కూడా పుట్టవు."

"కుక్కకైనా తప్పయిందని చెప్పవా బావా?"

"చెప్పను. దాంతోనూ ఎత్తను, నీతోనూ ఎత్తను. ఇక ఈ జన్మలో ఎవరితోనూ ఎత్తను."