చెంబెడు నీళ్ళ వాంగ్మూలం

ముప్పై ఆరేళ్ళ నౌకరీలో హెడ్ కానిస్టేబుల్ ఫకృద్దీన్ రాసిన వాంగ్మూలాలన్నీ ఒక్క మనిషే చెప్పినట్టుంటాయి. గొర్రెలు కాసేవాడు చెప్పినా, బళ్ళో టీచరమ్మ చెప్పినా "సదరు ముద్దాయి అతివేగంగా, అజాగ్రత్తగా" అనే నడుస్తాయి. జనం చెప్పేదేమో చాంతాడంత. పై అధికారికి కావలసింది ఒక్క పేజీ. ఆ రెంటి మధ్యా కత్తిరించే పని ఫకృద్దీన్‌ది. అందులో ఆయనకు మంచి పేరే ఉంది.

ఆ పేరు పుణ్యమా అని ఈ రోజు కోర్టు వరండాలో, కాలు విరిగిన బల్ల మీద, పొద్దుటి నుంచీ కూర్చుని ఉన్నాడు. ఇది నాలుగో వాయిదా. మోకాళ్ళు సలుపుతున్నాయి. రిటైరవడానికి ఇంకా మూడు నెలలుంది. ఆ మూడు నెలలూ ఎవరూ తనను ఏమీ అడక్కుండా ఉంటే చాలుననిపిస్తోంది.

కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ తౌసిఫ్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, పొద్దున నల్లమ్మ సాక్ష్యం అయిపోయింది. చిక్కొచ్చి పడింది."

నల్లమ్మ చచ్చిపోయిన ఆంజినప్ప పెళ్ళాం. రెండేళ్ళ కిందట శనక్కాయ చేని గట్టు దగ్గర ఆంజినప్పను ట్రాక్టరు గుద్దింది. నడిపింది జయరాం అని కేసు. తాను ఆ రోజు మడకశిరలో ఉన్నానని జయరాం అంటాడు. అతన్ని ఆ చుట్టుపక్కల చూసిన మనిషి నల్లమ్మ ఒక్కతే.

"ట్రాక్టరు గట్టు అవతల నిలిపి, జయరాము నడుచుకుంటా వచ్చి నీళ్ళడిగినాడంట. ఈమె చెంబు ఇచ్చిందంట. ఎదురుగా నిలబడి తాగినాడు, మొగం ఎట్ల మర్సిపోతానని చెప్పింది. జయరాము లాయరు హేమలత మేడమ్ అది పట్టుకుండాది. పోలీసోళ్ళకు చెప్పిన దాంట్లో నీళ్ళ మాటే లేదు, ఇప్పుడు కల్పించి చెప్తాండావని. ఇంగ నిన్ను పిలుస్తారు. చెప్పలేదని చెప్పి దిగెయ్. చెప్పింది, నేనే రాయలేదంటే మెమో ఇస్తారు. పించను కాడ ఎందుకొచ్చిన గోల?"

నల్లమ్మ చెప్పింది. ఫకృద్దీన్‌కు బాగా గుర్తుంది. ఆ రోజు ఎస్సై సెలవులో ఉన్నాడు, ఫోను ఆగకుండా మోగుతోంది. ఆమె పొద్దున సంగటి కెలికిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయనకు విసుగు పుట్టింది. "నీళ్ళ కత నాకెందుకమ్మా, గుద్దినోడు ఎవడో అది చెప్పు" అన్నాడు. "జయరాము" అంది. పేరు రాసుకున్నాడు. ఆ పేరు ఆమెకెలా తెలిసిందో రాసుకోలేదు.

ఫకృద్దీన్ బోనెక్కాక హేమలత కేకలేమీ వేయలేదు. మర్యాదగానే అడిగింది.

"జయరాం నీళ్ళడిగాడన్న సంగతి నల్లమ్మ మీతో చెప్పలేదు. అంతేనా?"

అంతేనండీ అంటే అయిపోతుంది. ఎన్ని కేసుల్లో అనలేదు? వెనక బల్ల మీద నల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తననే చూస్తోంది. ఫకృద్దీన్‌కు సిగ్గేసింది.

"చెప్పింది మేడమ్."

"మరి రాయలేదే?"

"రాయలేదు. ఆ పొద్దు స్టేషన్లో నేనొక్కణ్ణే ఉంటి, ఆమె మొదట్నుంచీ చెప్పుకుంటా వచ్చ..."

"అదంతా వద్దు. వాంగ్మూలంలో ఉందా, లేదా?"

"లేదు."

జడ్జిగారు గడియారం చూసి టైపిస్టుకు చెప్పారు. "నీళ్ళు అడిగిన విషయం వాంగ్మూలంలో లేదన్నది నిజమే." టైపిస్టు టకటకా కొట్టేసింది.

ఫకృద్దీన్ ఇంత కష్టపడి నోటికి తెచ్చుకున్న మాట అడ్రసు లేకుండా పోయింది. తప్పుపట్టడానికి కూడా ఓపిక లేదు. తానైనా ఇలాగే కత్తిరించేవాడు.

భోజనాల వేళయింది. సాక్ష్యం కాగితం సంతకానికి వచ్చింది. దాన్ని ఎవరూ చదవరు. ఇన్నేళ్ళలో ఆయనా చదవలేదు. పెన్ను చేతికి తీసుకుని ఆగాడు.

"ఒకసారి చదివి వినిపించండమ్మా."

టైపిస్టు చురుగ్గా చూసింది. అయినా చదివింది.

"ఆమె నాతో చెప్పిందన్న మాట పోయింది సార్" అన్నాడు జడ్జిగారితో.

ఆయన కళ్ళద్దాలు తీశారు. "అది రాస్తే మీకే ఇబ్బంది. తెలుసా?"

"తెలుసు సార్. రాయించండి."

రాశారు. నల్లమ్మ ఆ సంగతి నాతో చెప్పింది, నేను రాసుకోలేదు. కింద ఫకృద్దీన్ సంతకం చేశాడు.

బయట గేటు దగ్గర నల్లమ్మ గుమ్మఘట్ట బస్సు కోసం నిలబడి ఉంది. ఆయన్ని చూసి రెండడుగులు ముందుకు వచ్చింది.

"రాసినారా సారూ?"

"రాసినారమ్మా."

"వాడు నీళ్ళడిగింది?"

"రాసినారు."

"అన్నీ వాడే తాగినాడని?"

ఫకృద్దీన్‌కు వెంటనే అర్థం కాలేదు.

"అవి మా ఆయనకని తెచ్చిన నీళ్ళు సారూ. పాపం ఎండలో వచ్చినాడని నేనే ఇస్తి. చెంబు ఖాళీ చేసి ట్రాక్టరెక్కి పాయ. నేను సంగటి తీసుకొని గట్టు దాటి పోతే ఆయన కింద పడిండాడు. పానం ఉండాది. నీళ్ళే అన్నాడు. ఇంగో మాట అన్లేదు. చెంబులో చుక్క ల్యాకపాయ." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "గుద్దినోడికి నా చేతుల్తో పోస్తి. ఆ పొద్దు నీకు చెప్పాలనుకునింది అదే. కత వద్దంటివి."

"ఇప్పుడు చెప్పమ్మా. మొదట్నుంచి చెప్పు, ఇంటాను."

మూల తిరిగి బస్సు వచ్చింది.

"ఇది పోతే మళ్ళ సాయంత్రం దాకా ల్యాదు సారూ" అని చెప్పి, ఎక్కి వెళ్ళిపోయింది.