పొసాదాస్ బొమ్మ కింద

వరదానం బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. అడుగున ఆకు చల్లగా తగిలితే చెమ్మ పట్టినట్టే. ఆ బస్తా పక్కకు. ఇది సిరియా వాళ్లు ఇష్టంగా తాగే మాతే ఆకు. అర్జెంటీనా నుంచి ఓడలో జెద్దాకు వస్తుంది. పొద్దుటి నుంచి ఎడమ జబ్బ లాగుతోంది. బరువులకేలే అనుకున్నాడు.

"రాత్రికి ఫ్లైటు పెట్టుకుని ఇప్పుడు లోడేంటి గురువుగారూ?" అన్నాడు గోదాము లెక్కలు చూసే హేమసుందర్.

"ఈ ఒక్కటీ దించేసి ఎల్లిపోతానండి. చెమ్మబస్తా లోపలికెల్తే పక్కనున్నవన్నీ పాడైపోతాయండి."

"పోయిన లోడప్పుడూ ఇదే మాట. నాలుగేళ్లయింది ఊరు చూసి. మణిగారు ఫోన్లో నన్ను తిడతన్నారు."

"మా ఆవిడ తిట్టిందంటే మీరు సొంతోళ్లయిపోయినట్టేనండి."

గోడ మీద ఆకు కంపెనీ పంపిన క్యాలెండరు. అందులో పొసాదాస్ బొమ్మ. ఆ ఆకు పండే రాష్ట్రానికి రాజధాని. పరనా నది ఒడ్డున ఎర్రమట్టి ఊరు. అవతలి గట్టు పరాగ్వే దేశం, మధ్యన పొడవాటి వంతెన. సాయంత్రమైతే జనమంతా ఒడ్డు రోడ్డు మీదే, చంకలో వేడినీళ్ల ఫ్లాస్కుతో. అక్కడ స్థిరపడిన తన మేనమామ సంగతులు గోదాము యజమాని, సిరియావాడు అబూ నిజార్ చెబుతుంటాడు. దిగువన ఆనకట్ట కట్టాక నది పైకి లేస్తోందట. ఒడ్డున బతికే చేపలవాళ్లను, ఇటుకలవాళ్లను దూరంగా కొత్త కాలనీలకు పంపేస్తున్నారట.

ఊరికి రోడ్డు మిగిలింది, ఒడ్డు వాళ్లకు ఒడ్డు పోయింది. ఏ సరుకుకైనా తరుగు తప్పదు, అది ఎవరి వాటాకు వస్తుందన్నదే బేరం. వరదానం లెక్కా అంతే. గోదావరి లంకలో డాబా లేచింది, కూతురు నర్సయింది. తరుగంతా మణి వాటాకు వచ్చింది. ఈ రాత్రి విమానం ఎక్కి, కొంతైనా పూడ్చాలి.

మధ్యాహ్నం అబూ నిజార్ మాతే కలిపాడు. ఎండిన బుర్ర, అందులో పీల్చుకోడానికి వెండి గొట్టం. అచ్చం నాన్న కల్లు తాగిన ఆనపబుర్రే. తాగిన వాడు తిరిగి ఇస్తే మళ్లీ నింపుతారు. ఇస్తూ 'షుక్రన్', అరబ్బీలో థాంక్స్, అన్నాడంటే ఇక చాలని అర్థం. వచ్చిన కొత్తలో వరదానం మర్యాద కొద్దీ ప్రతిసారీ షుక్రన్ అనేవాడు. రెండో బుర్ర ఎవరూ ఇవ్వకపోతే పిసినారులనుకున్నాడు. తెలిశాక ఆ మాట మళ్లీ అనలేదు.

ఈ రోజు మొదటి బుర్రకే అన్నాడు.

"అప్పుడేనా?" అబూ నిజార్ నవ్వాడు. "ఊరి మీద ధ్యాస!"

వరదానం కూడా నవ్వి, పొడి బస్తాలకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక హేమసుందర్ పాస్‌పోర్టు పట్టుకుని వచ్చాడు. "బండొచ్చింది, లెగండి గురువుగారూ."

లేవలేదు. హేమసుందర్ వరదానం చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా తగిలింది.

పొసాదాస్ బొమ్మ కింద, బస్తా మీద, బుర్రలో గొట్టం ఒక పక్కకు వాలి ఉంది. అడుగున ఆకు ఇంకా తడిగానే ఉంది.