హైమవతిగారి అయిదు గంటలు

నేను ఒక సెల్‌ఫోన్‌ని. అంతవరకు నాకు సందేహం లేదు. ఎవరి సెల్‌ఫోన్‌ని అని అడిగితే మాత్రం ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేను.

ఒక ఫ్యాక్టరీలో తొడుగులు వేసుకున్న చేతులు నన్ను బిగించి, పరీక్షించి, డబ్బాలో పెట్టాయి. తర్వాత నన్ను కొన్నది మనిషి కాదు, ఒక విశ్వవిద్యాలయం. మనుషులు ఫోన్లతో ఎలా మసలుకుంటారో అక్కడ కొందరు పరిశోధన చేస్తున్నారు. వాళ్లలో షాహిదా అనే అమ్మాయి నాలో ఒక లెక్కల ప్రోగ్రాం పెట్టింది. తెర వెలిగితే లెక్కపెట్టాలి, ఆరితే ఆపాలి, ఏం చూస్తున్నారో రాసుకోవాలి. ఇంత శ్రమ దేనికి, ఎదురుగా కూర్చుని అడగవచ్చు కదా అనుకున్నాను. అడిగితే మనుషులు నిజం చెప్పరని వాళ్ల ప్రొఫెసరుగారి నమ్మకమట.

సొంత ఫోన్ లేని గృహిణుల కోసం వెతికి వెతికి షాహిదా నన్ను కాకినాడలో హైమవతిగారి చేతిలో పెట్టింది. "ఇది మీరొక్కరే వాడాలి, ఆంటీ" అంది. ఆవిడ "అలాగేనమ్మా" అన్నారు. షాహిదా కాఫీ తాగి వీధి మలుపు తిరిగేలోపల హైమవతిగారి అత్తగారు అచ్చియ్యమ్మగారు "కొత్త వస్తువు, దిష్టి తగులుతుంది" అంటూ నా తెర మీద పసుపు బొట్టు పెట్టారు. దాన్ని తుడిచి తెస్తానని తీసుకెళ్లిన కూతురు చందన సాయంత్రం దాకా తేలేదు.

ఆ ఇంట్లో ఒక్కరికే చెందిన వస్తువు ఏదైనా ఉందంటే అది అచ్చియ్యమ్మగారి కళ్లజోడు. అదీ ఇంకెవరికీ ఆనదు కాబట్టి. పొద్దున్నే నన్ను హైమవతిగారి భర్త వీరభద్రంగారు తీసుకుని రాజకీయ చర్చలు వినేవారు. ఆయన ఆఫీసుకెళ్లాక అచ్చియ్యమ్మగారి దిండు మీద సీరియళ్లు. ఆవిడ గురక పెడుతున్నా నేను లెక్క ఆపేదాన్ని కాదు. కాలేజీ నుంచి వచ్చాక చందన మేకప్ వీడియోలు. తాళం తీయడానికి అందరి వేళ్లనీ నాకు పరిచయం చేశారు. ముగ్గురివీ ఇట్టే పట్టేదాన్ని. అంట్లూ చింతపండూ అరగదీసిన హైమవతిగారి బొటనవేలిని మాత్రం పోల్చుకోలేకపోయేదాన్ని. "ఓసారి వేలు పెట్టవే చందూ" అని ఆవిడ కూతుర్ని బతిమాలుకోవాల్సి వచ్చేది. అయినా నాలో ఉన్న పేరు ఆవిడ ఒక్కరిదే. అన్ని గంటలూ దాని కిందే వేశాను. నాకు మరో గడి లేదు మరి.

నెల తిరిగాక ఒక ఆదివారం షాహిదా లెక్కలు పట్టుకుని వచ్చింది. అందరూ హాల్లోనే ఉన్నారు.

"రోజుకి దాదాపు అయిదు గంటలు చూస్తున్నారు, ఆంటీ."

"అయిదు గంటలా!" వీరభద్రంగారు పేపరు దించారు. "అందుకా పప్పు రోజూ అడుగంటుతోంది?"

"నే చెప్తే విన్నావుట్రా?" అన్నారు అచ్చియ్యమ్మగారు. "పిలిస్తే పలకదు. చెవుడొచ్చిందేమో అనుకున్నాను."

"సీరియళ్లు, డిబేట్లు, మేకప్... మీకు అన్నిటి మీదా ఇంట్రస్టే, ఆంటీ."

"మేకప్పా?" వీరభద్రంగారు భార్య ముఖం పరకాయించి చూశారు. "ఎక్కడా కనపడదేంటి?"

చందన తన గోళ్లు చూసుకుంది.

షాహిదా ఒక్కొక్కరి వైపూ చూసి, గొంతు తగ్గించింది. "ఇవన్నీ మీవేనా, ఆంటీ? వేరేవాళ్లు వాడితే చెప్పేయండి. మీ ఇల్లు స్టడీలోంచి తీసేస్తాను, అంతే." ఆ 'అంతే' తేలిగ్గా రాలేదు. అప్పటికే కొన్ని ఇళ్లు అలా పోయాయి. ఇదీ పోతే ఆమె పరిశోధన నిలవదు.

హైమవతిగారు చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. కాదంటే షాహిదా కష్టం పోతుంది, పరాయి పిల్ల ముందు అత్తగారినీ భర్తనూ దోషుల్లా నిలబెట్టినట్టవుతుంది. అవునంటే, ఇన్నేళ్లు వంక పెట్టనివ్వకుండా నడిపిన ఇంట్లో తన పేరు పోతుంది.

"నావేనమ్మా" అన్నారు. "అయిదు గంటలూ నావే. రాసుకో."

నేను తెల్లబోయాను. అబద్ధమాడింది ఆవిడా, నేనా?

మర్నాడు భోజనాలయ్యాక ఆవిడ వచ్చి అత్తగారి దిండు మీంచి నన్ను తీసుకున్నారు.

"అదేంటే, సీరియల్ మధ్యలో!"

"అయిదు గంటలూ నావని రాయించాను కదా అత్తయ్యా. మరి నాకేవీ?"

సాయంత్రం వీరభద్రంగారు వచ్చి, "ఒక్క అయిదు నిమిషాలు ఇస్తావా?" అన్నారు.

"పరిశోధనండీ. టీవీ పెట్టుకోండి."

రోజూ బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ. నేను ఆవిడ ఒళ్లో. నన్ను వెలిగించేవారు కాదు. ఎదురింటి నీడలో ఇస్త్రీ బండి అతను బొగ్గుల పెట్టె ఊపుతుంటే చూసేవారు. పిట్టగోడ మీద కాళ్లు చాపుకుని ఓ కునుకు తీసేవారు. లోపలి నుంచి ఎవరైనా పిలిస్తే, "ఫోన్ చూసుకుంటున్నాను!" అని కేకేసేవారు. మళ్లీ ఎవరూ పిలిచేవారు కాదు. అప్పుడప్పుడు కూర మాడేది. మాడకుండా చందన దించడం నేర్చుకుంది.

తర్వాతి నెల షాహిదా లెక్క చూసి కంగారుపడింది. "పావుగంటకి పడిపోయిందేంటి, ఆంటీ? వాడటం మానేశారా?"

"మానడమేంటమ్మా, ఇంత బాగా ఎప్పుడూ వాడలేదు."

"తెర పెద్దగా వెలగనే లేదు కదా?"

"కూర్చో, చూపిస్తాను." ఇంకో కుర్చీ లాగారు.

షాహిదా కూర్చుంది. ఇస్త్రీ బండి వైపు ఇద్దరూ చాలాసేపు చూశారు. లోపలి నుంచి "హైమా!" అని పిలుపు వచ్చింది. హైమవతిగారు నోరు తెరిచేలోగా షాహిదాయే, "ఆంటీ ఫోన్‌లో ఉన్నారండీ!" అంది.

ఇప్పుడు నేను విశ్వవిద్యాలయం బీరువాలో, నాలాంటి ఫోన్ల మధ్య ఉన్నాను. నివేదికలో నా గురించి ఒకే ముక్క ఉంది: వాడుక తగ్గింది, కారణం తెలియరాలేదు. రాసింది షాహిదా. పక్క కుర్చీలో కూర్చుని అంతా చూసిందీ ఆమే. తెలిసి కూడా తెలియదని ఎందుకు రాసిందో నాకు అంతుపట్టడం లేదు. ఆ నివేదిక కాపీ ఒకటి వాళ్లింటికి కూడా వెళ్లిందట. వీరభద్రంగారు పైకి చదివి అందరికీ వినిపించారట.