బెల్లం వాటా

జలంధర్‌కు కుక్కలంటే పానం. జగిత్యాల దిక్కు వాళ్ల ఊర్లె అయ్య ఎంట కుందేళ్ల వేటకు తిరిగినోడు. చమురు ధర ఎగిరి ఖతర్ నిండ కొత్త గోడలు లేస్తున్న డెబ్బయిల్ల, అసోంటోడు సిమెంటు మోస్తందుకు వచ్చిండు. దోహా పక్కన అల్ ఘర్రాఫాల కంపెనీ అరబ్బు సేటు తోటకు గోడ కడుతుంటె, సేటు తెప్పిస్తె లండన్‌కెల్లి విమానంల దిగిన కుక్కపిల్ల ఒకటి ఎవల మాట ఇనక, వచ్చి జలంధర్ తట్టల పండుకున్నది. సేటు చూసి నవ్విండు. గా దినంకెల్లి జలంధర్‌కు సిమెంటు బంద్, కుక్క డ్యూటీ షురూ.

సేటు దానికేదో నోరు తిరగని ఇంగ్లీషు పేరు పెట్టిండు. జలంధర్ రంగు చూసి బెల్లం అన్నడు, అది గా పేరుకే తోక ఊపింది. చలికాలం మొదట్ల పూరేడు పిట్టలు సముద్రం దాటి వస్తయి. సేటు తుపాకితోని కొడితె, పడ్డ పిట్టను బెల్లం ఎతికి తేవాలె. పని గంతే.

గింత దానికి ఒకర్ని అడుగుడెందుకు, మా తాత కాడికెల్లి ఇదే పని గదా అనుకున్నడు జలంధర్. చచ్చిన పావురాన్ని చెట్లల్లకు ఇసిరేస్తె బెల్లం ఉరికి తెచ్చేది. తేంగనే పావురాన్ని కోసి, కార్జం తీసి దాని నోట్లె పెడుతుండె. వేటల కుక్క వాటా అక్కడికక్కడ ఇయ్యాలె, లేకుంటె మల్ల మన మొఖం చూడదని అయ్య చెప్పేటోడు. పదిహేను దినాలల్ల బెల్లం గాలి తీర్గ ఉరుకుడు నేర్చింది. జలంధర్ కాళ్లు భూమ్మీద నిలుస్తలేవు.

ఒక శుక్రారం నమాజు అయినంక సేటు కారు డ్రైవర్ హమీదుద్దీన్ తోటకొచ్చిండు. ఆయనది కోరుట్ల. జలంధర్ గొప్పకు పోయి పావురాన్ని ఇసిరిండు. బెల్లం ఉరికింది, పట్టింది, వాపసు వస్త వస్త నడుమల ఆగి, తన వాటా తనే తీస్కుందామని పిట్ట కడుపు చీరింది. హమీదుద్దీన్ తన రెండు చెవులు పట్టుకున్నడు.

"ఎంత పని చేసినవ్‌రా జలంధర్! కుక్క తిన్న పిట్ట మాకు హరాం. తినకుంట తెచ్చేదాన్నే వేటకుక్క అంటరు. సేటు చూసిండంటె దీన్ని దోహాల గోదాం కాడ కావలికి గొలుసుకు కట్టేస్తడు, నిన్ను మల్ల సిమెంటుకు తోలుతడు."

వేటకు ఇంక ఇరువై దినాలే ఉన్నయి. సిమెంటు అయితె అయింది గని, గా ఎండల బెల్లం గొలుసుకు కట్టేసి ఉంటదంటె ఆయనకు బువ్వ మింగబుద్ధి కాలే. తప్పు కుక్కది కానే కాదు, ప్రేమతోని తనే చెడగొట్టిండు.

తెల్లారి పచ్చి కోడిగుడ్డు తెచ్చి బెల్లం నోట్లె పెట్టి, తను తోట గా కొసకు పోయి పిలిచిండు. గుడ్డు పగలకుంట చేతుల పెడితె గింజ తీసిన ఖర్జూరం. పగిలిందా, అరబ్బీల చెప్పినట్టు మాఫీ, అంటె ఏం లేదు. మొదటి దినం ఏడు గుడ్లు పగిలినయి. ఏడూ నాకి, ఖర్జూరం ఏదని చూసింది మహాతల్లి. కూలీలకు వండే వంటాయన గుడ్లన్నీ ఏమైతున్నయని మొత్తుకున్నడు.

పదకొండో దినం గుడ్డు నిమ్మలంగ వచ్చి జలంధర్ చేతుల పడ్డది. ఆయన ఎగిరి గంతేసి ఖర్జూర చెట్టును కావలిచ్చుకున్నడు. తర్వాత గుడ్డు జాగల పావురాన్ని పెట్టిండు, అదీ సక్కగనే వచ్చింది. కానీ చచ్చిన పావురం వేరు, వేడి నెత్తురు పిట్ట వేరు.

వేట దినం పొద్దుగాల్నే సేటు, ఆయన దోస్తు, హమీదుద్దీన్, జలంధర్, బెల్లం జీపుల ఎడారికి పోయిన్రు. జలంధర్ జేబు నిండ ఖర్జూరాలు పోసుకున్నడు. పొదల కెల్లి పూరేడు ఒకటి బుర్రున లేచింది. సేటు బిస్మిల్లా అని కొట్టిండు. పిట్ట ఇసుకతిన్నె అవుతల పడ్డది. జలంధర్ యల్లా, పో అనంగనే బెల్లం ఉరికి తిన్నె దాటి మాయమైంది.

ఎంతకూ వస్తలేదు. సేటు దోస్తు ఏదో అని నవ్విండు. తింటున్నట్టుందని అంటున్నడని హమీదుద్దీన్ చెవుల చెప్పిండు. జలంధర్‌కు పిలువాలనిపిస్తున్నది, పిలిస్తె ఆగమైతదేమోనని భయం. చెయ్యి జేబులకు పోతున్నది, నోట్లకు వస్తున్నది, ఆయనకు సోయి లేదు.

గప్పుడు తిన్నె మీద బెల్లం తల కనవడ్డది. ఉరుకుతలేదు, గుడ్డు తెచ్చినట్టే పైలంగ నడుస్తున్నది. నోట్లె పూరేడు పానంతోనే ఉన్నది. రెక్క విరిగి పొదలెంట ఉరికిన పిట్టను ఎంటవడి పట్టింది. తెచ్చి జలంధర్ చేతుల పెట్టింది, ఒక్క పన్ను గాటు లేదు. సేటు తీస్కొని కత్తితోని హలాల్ చేసిండు. జలంధర్‌కు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చినయి.

బెల్లం కూసోని జేబు దిక్కే చూస్తున్నది. జలంధర్ జేబుల చెయ్యి పెట్టిండు. జిగురు తప్ప ఏం లేదు. భయానికి ఖర్జూరాలన్నీ తనే మింగిండు. బెల్లం కొంచెం సేపు ఆగి, మెల్లగ సేటు చేతుల పిట్ట దిక్కు మల్లింది. జలంధర్ ఖాళీ జేబును బయటికి గుంజి చూపెట్టిండు.

హమీదుద్దీన్ పకపక నవ్వి, ఊరి పద్ధతి కాడికెల్లి గుడ్లు, గోదాం భయం దాక అంతా సేటుకు అరబ్బీల చెప్పిండు. సేటు నవ్వలే. జీపులకెల్లి డబ్బ తెచ్చి, ఒక్క ఖర్జూరం గింజ తన చేతులతోనే తీసి, జలంధర్ అరచేతుల పెట్టి ఏదో చెప్పిండు.

"మీ అయ్య చెప్పింది కరెక్టే అంటున్నడు," అన్నడు హమీదుద్దీన్. "దాని వాటా దానికి ఇయ్యుమంటున్నడు. గోదాంకు వేరే కుక్కను చూస్కుంటడంట."